స్నానాల గది స్విచ్చి

పిల్లలూ! పొద్దున లేచింది మొదలు రాత్రి పడుకునేదాకా మీరు ఎన్నిసార్లు స్విచ్చి నొక్కుతారో ఎప్పుడైనా లెక్కపెట్టారా? నొక్కగానే దీపం వెలుగుతుంది, మళ్ళీ నొక్కగానే ఆరిపోతుంది. ఇంత చిన్న పనిలో చెప్పుకోవలసింది ఏముంటుందని మనకు అనిపిస్తుంది. ఆ స్విచ్చి పాడైన రోజున గాని దాని సంగతి మనకు గుర్తుకు రాదు.

హనుమకొండలో ఒక ఇంట్లో జరిగిన సంగతి చెబుతాను. ఆ ఇంట్లో నాన్న, అమ్మ, నాయనమ్మ, ఇంటరు చదివే అన్న, ఏడో తరగతి చదివే చెల్లెలు ఉంటారు. అది వానాకాలం. నాలుగు రోజులుగా ముసురు పట్టి గోడలన్నీ చెమ్మగిల్లాయి. స్నానాల గది తలుపు పక్కన, బయటి గోడకు ఉన్న స్విచ్చి కొద్ది రోజులుగా పేచీ పెడుతోంది. ఒకసారి నొక్కితే వెలగదు, రెండోసారి నొక్కితే వెలిగి ఆరిపోతుంది. నొక్కినప్పుడల్లా లోపల చిటపటమని చప్పుడు. నాయనమ్మ మాత్రం దాన్ని పొడిగుడ్డతో నొక్కేది.

"దాన్ని మార్పించు నాయనా" అని ఆమె కొడుకుతో రెండుసార్లు చెప్పింది.

"ఏం కాదులే అమ్మా, ఆదివారం చూద్దాం" అన్నాడు ఆయన. ఆదివారాలు మూడు గడిచిపోయాయి.

ఒకనాటి సాయంత్రం చెల్లెలు స్నానం చేసి, తడి కాళ్ళతో బయటికి వచ్చి, తడి చేత్తోనే స్విచ్చి ఆర్పబోయింది. చేయి ఝల్లుమంది! ఆ పిల్ల కెవ్వున అరిచి వెనక్కు గెంతింది. అదృష్టం బాగుండి చేయి వెంటనే విడిపోయింది. నాన్న ముఖం పాలిపోయింది. ఆయన వెంటనే వెళ్ళి ఆ బోర్డుకు కరెంటు వచ్చే దారి ఆపేసి, స్విచ్చి మీద "ముట్టుకోవద్దు" అని రాసిన కాగితం అంటించాడు.

కాసేపటికి భయం తీరాక చెల్లెలు అడిగింది: "నాన్నా, స్విచ్చి ప్లాస్టిక్‌దే కదా? ప్లాస్టిక్ గుండా కరెంటు పోదని మా సైన్సు టీచరు చెప్పింది. మరి నాకెందుకు షాకు కొట్టింది?"

"మంచి ప్రశ్న అడిగావు బిడ్డా" అన్నాడు నాన్న. "మీ టీచరమ్మ చెప్పింది నిజమే. కాని ప్లాస్టిక్ పైన ఉంది, లోపల ఉన్నది రాగి, ఇత్తడి. ఆ రెండింటి మధ్య సన్నని సందులున్నాయి. నీ చేతి నీళ్ళు ఆ సందులోంచి లోపలికి జారాయి. వానకు చెమ్మగిల్లిన గోడ కూడా లోపల తడి చేసింది. ఆ తడే దారి అయ్యింది. కరెంటు ఆ దారి వెంబడి నీ వేలికి, వేలి నుంచి నీ ఒంట్లోకి, తడి కాళ్ళ గుండా నేలలోకి పోయింది."

ఇక్కడ మనం ఒక చిన్న లెక్క చేద్దాం. మన ఇళ్ళకు వచ్చే కరెంటు ఒత్తిడి 230 వోల్టులు. మన చర్మం పొడిగా ఉంటే కరెంటును చాలావరకు అడ్డుకుంటుంది. ఆ అడ్డును ఓములలో కొలుస్తారు. పొడి చర్మానికి అది అనేక వేల ఓములు ఉంటుంది. అదే చర్మం బాగా తడిస్తే, శరీరం మొత్తం మీద సుమారు 1,000 ఓములకు పడిపోవచ్చు. 230ని 1,000తో భాగిస్తే 0.23 ఆంపియరు వస్తుంది. అంటే 230 మిల్లీ ఆంపియర్లు. ఇది 60 వాట్ల పాత బల్బు తీసుకునే కరెంటుకు కొంచెమే తక్కువ. బల్బుకు అది ఏపాటి? కాని మనిషికి 1 మిల్లీ ఆంపియరు పోతేనే చురుక్కుమంటుంది. 10 దాటితే చేతి కండరాలు బిగుసుకుపోయి, పట్టుకున్న తీగను వదలలేకపోవచ్చు. 30 దాటి గుండె మీదుగా పోతే ప్రాణానికే ముప్పు. అందుకే నాన్న ముఖం పాలిపోయింది. అందుకే ఇంట్లో అన్ని స్విచ్చిలకన్నా స్నానాల గది స్విచ్చి దగ్గర ఎక్కువ జాగ్రత్త కావాలి.

ఇంతకూ స్విచ్చి చేసే పని ఏమిటి? మన వరంగల్ ప్రాంతపు పిల్లలకు దీన్ని చెప్పడం సులువు. కాకతీయుల కాలంలో తవ్వించిన పాకాల, రామప్ప చెరువులు మీలో చాలామంది చూసే ఉంటారు. చెరువులో నీళ్ళున్నంత మాత్రాన పొలానికి చేరవు. తూము తెరవాలి. తూము తెరిస్తే నీళ్ళు కాలువలో పారతాయి, మూస్తే ఆగిపోతాయి. ఇంట్లో స్విచ్చి కూడా అలాంటి తూమే. ఉత్తర తెలంగాణకు కరెంటు పంచే సంస్థ ప్రధాన కార్యాలయం హనుమకొండలోనే ఉంది. భూపాలపల్లి దగ్గర చెల్పూరులో, సింగరేణి బొగ్గుతో నడిచే కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. అక్కడ 500 మెగావాట్ల యంత్రం 2010లోనూ, 600 మెగావాట్ల యంత్రం 2016లోనూ పని ప్రారంభించాయి. అక్కడి కరెంటు, రామగుండం కరెంటు, నదుల మీది ఆనకట్టల దగ్గర పుట్టే కరెంటు, అన్నీ ఒకే చెరువులో చేరిన నీళ్ళలాగా కలిసిపోయి మన వీధి చివరి ట్రాన్స్‌ఫార్మరు దాకా వస్తాయి. అక్కడ 11,000 వోల్టుల ఒత్తిడి తగ్గి, మన ఇంటికి 230 వోల్టులుగా వస్తుంది.

అయితే తూముకూ స్విచ్చికీ ఒక వింత తేడా ఉంది. తూము తెరిస్తే నీళ్ళు పారతాయి. స్విచ్చి లోపలి లోహపు ముక్కలు విడిపోయి, దారి తెరుచుకుంటే కరెంటు ఆగిపోతుంది. అవి ఒకదానికొకటి ఆనుకుని, దారి మూసుకుంటేనే కరెంటు పారుతుంది! తీగలో ఎక్కడా తెగకుండా చుట్టూ తిరిగి రాగలిగితేనే కరెంటు నడుస్తుంది.

ఇంట్లోకి ముఖ్యంగా మూడు తీగలు వస్తాయి. కరెంటు ఒత్తిడిని తెచ్చేది ఫేజు, తిరిగి పోయే దారి న్యూట్రల్, ప్రమాదవేళ కరెంటును భూమిలోకి తీసుకుపోయేది ఎర్తు. మన దేశంలో ఇళ్ళలో ఫేజుకు ఎరుపు, న్యూట్రల్‌కు నలుపు, ఎర్తుకు ఆకుపచ్చ రంగు తీగలు వాడడం ఆనవాయితీ. ఫేజుకు పసుపు, నీలం రంగులు కూడా వాడతారు. కాని రంగును నమ్మి చేయి పెట్టకూడదు. తీగలు వేసినవాడు చేతికి దొరికిన రంగు వేసి ఉండవచ్చు!

స్విచ్చి ఎప్పుడూ ఫేజు తీగ మీదనే ఉండాలి. పొరపాటున న్యూట్రల్ మీద పెడితే, స్విచ్చి ఆపినా దీపం మాత్రమే ఆరుతుంది. బల్బు హోల్డరులో కరెంటు అలాగే కాచుకుని ఉంటుంది. బల్బు మార్చబోయిన వారిని అది కాటు వేస్తుంది.

మరి స్విచ్చి "టక్కు"మని ఎందుకు చప్పుడు చేస్తుంది? దానికీ ఒక కథ ఉంది. కరెంటు దీపాలు కొత్తగా వచ్చిన రోజుల్లో స్విచ్చిని నెమ్మదిగా తిప్పేవారు. లోహపు ముక్కలు నెమ్మదిగా విడిపోతుంటే వాటి మధ్య గాలిలో నిప్పురవ్వ సాగి, ముక్కలు కాలిపోయేవి. 1884లో ఇంగ్లండులోని న్యూకాజిల్ నగరంలో జాన్ హెన్రీ హోమ్స్ అనే ఇంజనీరు దీనికి ఉపాయం కనిపెట్టాడు. మనం ఎంత నెమ్మదిగా తిప్పినా, లోపలి స్ప్రింగు ముక్కలను ఒక్కసారిగా విడదీసేలా చేశాడు. ఆ స్ప్రింగు చప్పుడే మనం వినే టక్కు! అది బలహీనపడితే, లేదా తడి చేరి లోహం చిలుమెక్కితే, ముక్కలు సరిగా ఆనుకోవు. మధ్యలో రవ్వలు లేచి చిటపటమంటాయి. కాబట్టి చిటపటమన్నా, వేడెక్కినా, కమురు వాసన వచ్చినా, ఆ స్విచ్చి "నన్ను మార్చండి" అని చెబుతున్నదన్నమాట.

ఇక మన కథలోకి వద్దాం.

మర్నాడు ఆదివారం. వాన వెలిసింది. నాన్న బజారుకు పోయి, పాతదాని కొలతకు సరిపోయే 6 ఆంపియర్ల స్విచ్చి తెచ్చాడు. దాని మీద ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 3854 అనే సంఖ్య ఉన్నాయో లేవో చూసి మరీ కొన్నాడు. ఇంటి స్విచ్చిలకు మన దేశంలో నిర్ణయించిన ప్రమాణం అది.

"గీజరు స్విచ్చి కూడా ఇలాంటిదేనా నాన్నా?" అని అడిగింది చెల్లెలు.

"కాదమ్మా. 2,000 వాట్ల గీజరు దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. దానికి 16 ఆంపియర్ల స్విచ్చి కావాలి. ఈ చిన్న స్విచ్చి పెడితే కాలిపోతుంది."

"మరి మనమే మార్చుకోవచ్చా? కరెంటాయనను పిలవద్దా?" అన్నది నాయనమ్మ.

ఈ ప్రశ్నకు చట్టంలోనే జవాబు ఉంది. 1956 నాటి భారత విద్యుత్ నిబంధనలలో 45వ నిబంధన ప్రకారం, ఇంట్లో కరెంటు పనులు లైసెన్సు ఉన్నవారే చేయవలసి ఉండేది. అయితే బల్బులు, ఫ్యానులు, ఫ్యూజులు, స్విచ్చిలవంటివి ఉన్నచోటనే, ఉన్నవాటికి బదులుగా మార్చుకోవడానికి మినహాయింపు ఇచ్చారు. 2010లో వచ్చిన నిబంధనలు కూడా ఈ మినహాయింపును ఉంచాయి. కొత్త తీగ లాగడం, కొత్త పాయింటు పెట్టడం మాత్రం మన పని కాదు. చట్టం ఒప్పుకున్నా, పని తెలిసిన పెద్దలే చేయాలి. పిల్లలు ఎంత తెలివైనవారైనా బోర్డు విప్పకూడదు.

"అయితే నాకేమీ పని లేదా?" అని చిన్నబుచ్చుకున్నది చెల్లెలు.

"అన్నిటికన్నా పెద్ద పని నీదే బిడ్డా" అన్నాడు నాన్న. "నేను మెయిన్ స్విచ్చి ఆపుతాను. నేను వచ్చి చెప్పేదాకా నువ్వు అక్కడే నిలబడాలి. ఎవరినీ దాని మీద చేయి వేయనివ్వకూడదు."

ఆయన ముందుగా ఇంట్లో అందరికీ చెప్పాడు. తరవాత చేతులు పొడిగా తుడుచుకుని, రబ్బరు చెప్పులు తొడుక్కుని, టెస్టరును బాగా పనిచేసే ఒక సాకెట్టులో పెట్టి చూశాడు. లోపలి చిన్న దీపం ఎర్రగా వెలిగింది. టెస్టరు మంచిదేనని తెలిసింది. పాడైన టెస్టరు ఎక్కడ పెట్టినా వెలగదు కదా! దాన్ని నమ్మితే ప్రాణం మీదికి వస్తుంది. ఆ తరవాత మెయిన్ స్విచ్చి దించాడు. చెల్లెలు దాని ముందు కాపలా నిలబడింది.

నాన్న స్నానాల గది దగ్గరికి పోయి, బోర్డు మూత మరలు విప్పి, లోపలి లోహానికి చేయి తగలనీయకుండా టెస్టరు ఆనించాడు. టెస్టరు వెలిగింది!

"ఇదేమిటి! మెయిన్ ఆపాను కదా!" అని ఆయన చేయి వెనక్కు తీసుకున్నాడు.

చెల్లెలు అటూ ఇటూ చూసింది. ఏదో వింతగా తోచింది. "నాన్నా! హాల్లో ఫ్యాను తిరుగుతూనే ఉంది!" అని అరిచింది.

అసలు సంగతి అప్పుడు బయటపడింది. ఆ ఇంట్లో కరెంటు పోతే పనిచేసే ఇన్వర్టరు ఉంది. మెయిన్ ఆపగానే, కరెంటు పోయిందనుకుని అది తన బ్యాటరీల నుంచి ఫ్యానులకూ దీపాలకూ కరెంటు పంపసాగింది. అదీ 230 వోల్టులే! బ్యాటరీ కరెంటు కదా, ఏం చేస్తుందిలే అనుకుంటే పొరపాటు. నాన్న టెస్టరు పెట్టకుండా చేయి పెట్టి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటేనే ఒళ్ళు జలదరిస్తుంది.

ఆయన ఇన్వర్టరును కూడా ఆపాడు. ఫ్యాను ఆగింది. మళ్ళీ టెస్టరు పెట్టాడు. వెలగలేదు. అయినా తృప్తిపడక, పక్కింటికి పోయి వారి సాకెట్టులో టెస్టరును మరొకసారి చూసుకుని, అది ఇంకా బాగానే ఉందని తెలిశాకనే పనికి కూర్చున్నాడు.

అమ్మ టార్చిలైటు పట్టుకున్నది. నాన్న ముందుగా ఫోనుతో తీగల ఫోటో తీశాడు, ఏ తీగ ఎక్కడిదో మరిచిపోకుండా. పాత స్విచ్చి వెనక రెండు మరలున్నాయి. ఒకదాని కింద రెండు తీగలు: ఒకటి ఫేజు తెచ్చేది, మరొకటి పక్క స్విచ్చికి ఫేజు అందించేది. రెండో మర కింద ఒకే తీగ, అది బల్బుకు పోయేది. ఒక తీగ కొస నల్లగా మాడి ఉంది. మర వదులై, రవ్వలు లేచి, అలా మాడింది. ఆయన మాడిన మేర కత్తిరించి, పై తొడుగు సుమారు 1 సెంటీమీటరు తీసేసి, రాగి పోగులను గట్టిగా మెలిపెట్టాడు. ఒక్క పోగు కూడా బయటికి రాకుండా కొత్త స్విచ్చిలో దూర్చి మర బిగించాడు. ప్రతి తీగనూ మెల్లగా లాగి చూశాడు. ఏదీ ఊడి రాలేదు.

సరిగ్గా అప్పుడే అన్న ఇంటికి వచ్చాడు. గుమ్మంలో అడుగుపెట్టి, "అరే, కరెంటు లేదేం? పక్కింట్లో ఉందే!" అంటూ తిన్నగా మెయిన్ స్విచ్చి మీదికి చేయి చాచాడు.

చెల్లెలు రెండు చేతులూ చాపి అడ్డం నిలబడింది. "ఆగన్నా! నాన్న చేతులు తీగల మీద ఉన్నాయి!"

అన్న చేయి అక్కడే ఆగిపోయింది. అతనికి చెమటలు పట్టాయి. ఇంకేమీ మాట్లాడకుండా అతను కూడా చెల్లెలి పక్కన కాపలా నిలబడ్డాడు.

పిల్లలూ, ఇది చిన్న సంగతి కాదు. స్తంభం ఎక్కే లైన్‌మెన్ కూడా ముందుగా సబ్‌స్టేషను నుంచి "లైన్ క్లియర్" తీసుకోవాలి. తీగలో కరెంటు ఆపామనీ, తాము చెప్పేదాకా మళ్ళీ ఇవ్వరనీ మాట తీసుకోకుండా ఎక్కకూడదని నియమం. ఫ్యాక్టరీలలో ఆపిన మీటకు తాళం వేసి, చీటీ కడతారు. హనుమకొండ ఇంట్లో ఆ తాళమూ, ఆ చీటీ మన చెల్లెలే.

నాన్న గోడలో పెట్టెను ఒకసారి పరిశీలించాడు. లోపల ఒక మూల చెమ్మ కనిపించింది. స్నానాల గది గోడ పైభాగాన ఒక బీట పడింది, వాన నీరు అందులోంచి దిగుతోంది. "రోగం ఉండనిచ్చి చొక్కా మారిస్తే ఏం లాభం?" అని ఆయన, మరలు బిగించకుండా, కరెంటు కూడా ఇవ్వకుండా ఆగాడు. ఆ బోర్డుకు పోయే దారిని ఆపి ఉంచి మిగతా ఇంటికి మాత్రం కరెంటు ఇచ్చాడు. బీటకు సిమెంటు పూయించి, రెండు రోజులు గోడ ఆరనిచ్చాడు. మళ్ళీ మెయిన్, ఇన్వర్టరు ఆపి, టెస్టరుతో చూసి, మూత బిగించాడు. రాగి ఎక్కడా బయటికి కనబడడం లేదని చూసుకుని, అందరినీ దూరంగా ఉండమని కరెంటు ఇచ్చాడు.

చెల్లెలు చేతులు పొడిగా తుడుచుకుని, చెప్పులు తొడుక్కుని స్విచ్చి నొక్కింది. టక్కు! దీపం వెలిగింది.

ఆ వారంలోనే నాన్న ఒక కరెంటు మేస్త్రిని పిలిపించి, మెయిన్ దగ్గర ఆర్‌సీసీబీ అనే పరికరం పెట్టించాడు. అది ఫేజులో పోయిన కరెంటూ, న్యూట్రల్‌లో తిరిగి వచ్చిన కరెంటూ సమానంగా ఉన్నాయో లేదో ఎప్పుడూ లెక్క చూస్తూ ఉంటుంది. లెక్క తప్పితే, అందులో కొంత ఎవరి ఒంటి గుండానో నేలలోకి పోతున్నదన్నమాట. తేడా 30 మిల్లీ ఆంపియర్లు అయితే చాలు, సెకనులో మూడో వంతు లోపే కరెంటు ఆపేస్తుంది. మామూలు ఫ్యూజు ఈ పని చేయలేదు. అది తీగలను కాపాడుతుంది, ఇది మనిషిని కాపాడుతుంది.

మీ నాన్నగారో, అమ్మగారో ఇలాంటి పని చేస్తుంటే మీరు కొన్ని సంగతులు గుర్తుచేయండి. మెయిన్‌తో పాటు ఇన్వర్టరు ఆపారా? టెస్టరును ముందు మంచి సాకెట్టులో చూశారా? మెయిన్ దగ్గర కాపలా ఎవరు? బోర్డు లోపల తీగల తొడుగు కరిగి ఉన్నా, గోడ తడిగా ఉన్నా, ఏ తీగ దేనిదో తెలియకపోయినా, అక్కడితో ఆపి పని తెలిసిన ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. అందులో చిన్నతనం ఏమీ లేదు. వీధిలో తీగ తెగినా, మీటరు దగ్గర రవ్వలు లేచినా 1912కు ఫోను చేయాలి.

ఎవరికైనా షాకు కొట్టి తీగకు అంటుకుపోతే, వారిని చేత్తో పట్టుకుని లాగవద్దు. లాగినవారికీ షాకు కొడుతుంది. ముందు మెయిన్ ఆపాలి. అది కుదరకపోతే, పెద్దలు పొడి చోట నిలబడి, పొడి కర్రతో తీగను తప్పించాలి. వెంటనే 108కు ఫోను చేయాలి.

ఆ ఇంట్లో ఇప్పుడు ఎవరూ తడి చేత్తో స్విచ్చి ముట్టరు. నాన్న కూడా "ఏం కాదులే" అనడం మానుకున్నాడు. నాయనమ్మ మాత్రం అప్పుడప్పుడూ మనవరాలి తల నిమిరి, "దీపం వెలిగించడం అందరికీ వచ్చు బిడ్డా, దాని దగ్గర కాపలా ఉండడమే గొప్ప" అంటూ ఉంటుంది.